మిస్సమ్మను మన ఇంటికి తెచ్చిన చక్రపాణి గారు

మా సంఘం వారు ఈ ఉగాది ఉత్సవానికి ‘మిస్సమ్మ’ చిత్రాన్ని గూర్చి ఒక ప్రశ్నల పోటీ పెట్టాలని సంకల్పించారు. పిల్లలూ పెద్దలూ కలిసి పాల్గొనవలసిన పోటీ. వ్యాసర్పాడిలోని తెలుగు ఇళ్ళలో తాతలు, తల్లిదండ్రులు, మనుమలు ఒక చోట కూర్చుని చూసే చిత్రం ఏదైనా ఉన్నదంటే అది ‘మిస్సమ్మ’యే గనుక, దానిని ఎంచుకోవడంలో ఎవరికీ భేదాభిప్రాయం రాలేదు. భేదాభిప్రాయాలన్నీ జవాబుల దగ్గర వచ్చినవి.

ప్రశ్నలు తయారుచేసే పని మాకు అప్పగించారు. రామారావు గారికి ఇందులో పాటలు పాడినది ఎవరని మేము అడగగానే, కూర్చున్నవారిలో సగం మంది ఘంటసాల గారన్నారు. పాత చిత్రాలలో రామారావు గారికి ఘంటసాల గారి గొంతు వినడం అలవాటైన చెవులకు ఇది సహజమైన పొరపాటే. కాని ‘మిస్సమ్మ’లో ఆ గొంతు ఏ. ఎం. రాజా గారిది. చిత్తూరు జిల్లాలో పుట్టి, తెలుగు తమిళాలు రెండింటా పేరు తెచ్చుకున్న గాయకుడాయన. సావిత్రి గారికి పాడినది పి. లీల గారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది, పాటలు పింగళి నాగేంద్రరావు గారివి.

తరువాత, నిర్మాత ఎవరు అన్న ప్రశ్నకు ఆరవ తరగతి చదివే ఒక పిల్లవాడు లేచి, నాగిరెడ్డి చక్రపాణి అని టక్కున చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆపైన వాడే, ఆయన ఇంటిపేరు నాగిరెడ్డియా అని అడిగాడు. ఇద్దరు మనుష్యులని వాడికి తెలియదు. నవ్వుకున్నాము గాని, తెరమీద ఆ రెండు పేర్లు ఎప్పుడూ జంటగానే చూసిన కంటికి అలా తోచడంలో వింత లేదు.

మూడవ ప్రశ్న దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. ఈ కథకు మూలం ఏ భాషలోనిది అని మేము వ్రాసుకుని వచ్చాము. బెంగాలీ అన్నది జవాబు. సంఘంలోని ఒక పెద్దాయన దీనికి నొచ్చుకున్నారు. ఆయన బాధ ఇది. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు వారికి ఇంటి నాలుగు గోడల మధ్య వినబడే భాష. వారికి చక్కని తెలుగు మాట వినిపించడానికి మనకున్న ఆధారాలలో ‘మిస్సమ్మ’ ఒకటి. దానిని తీసుకువచ్చి, ఇది మనది కాదు, అరువు సొత్తు అని ఉగాది పూట పిల్లల ఎదుట చెప్పడం ఎందుకు? ఆ ప్రశ్న కొట్టివేయండి అని ఆయన కోరారు. వారి మాటలో అభిమానం ఉన్నది గనుక తోసిపుచ్చలేకపోయాము. నిజం గనుక కొట్టివేయనూ లేకపోయాము. వివరాలన్నీ సరిచూచి వస్తామని గడువు అడిగాము. అలా సరిచూస్తూ పోగా, ఆ బెంగాలీ కథను మన ఇంటికి తెచ్చిన మనిషి జీవితమే ఆ పెద్దాయనకు సమాధానమని మాకు తోచింది. దానిని ఇక్కడ వ్రాస్తున్నాము.

చక్రపాణి గారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలిలోని ఐతానగరంలో, ఒక మధ్యతరగతి రైతు కుటుంబంలో జన్మించారు. కృష్ణ కాలువల నీరు పారే మాగాణి సీమ అది. నాటకాలకు, పత్రికలకు, పుస్తక ప్రచురణకు పేరు పడిన పట్టణం తెనాలి. ఊరు ఊరంతా ఏదో ఒకటి చదువుతూ, ఏదో ఒకటి వాదించుకుంటూ ఉండే రోజులవి. జాతీయోద్యమం గాలి తగిలి సుబ్బారావు గారు ఉన్నత పాఠశాల చదువుకు స్వస్తి చెప్పారు. ఆ కాలంలో అలా బడి విడిచిన యువకులు ఎందరో ఉన్నారు. ఆయన మాత్రం బడి విడిచారే గాని చదువు విడువలేదు. హిందీ పట్టుదలగా నేర్చి, ఆ భాషలో గ్రంథరచన చేయగల పాండిత్యం సంపాదించారు. హిందీ నేర్పిన వ్రజనందన శర్మ గారు పెట్టిన కలంపేరే చక్రపాణి. చివరకు లోకం ఆయనను ఆ పేరుతోనే ఎరిగినది. సొంత కృషితో తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు కూడా పట్టుపడినవి.

ఇంతలో క్షయ వ్యాధి సోకింది. 1932లో ఆయన మదనపల్లె శానిటోరియంలో చేరి కొన్ని నెలలు ఉన్నారు. ఈ కాలపు పిల్లలకు ఆ మాటలోని భయం తెలియదు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతకు పదకొండేళ్ళ ముందు ఆ జబ్బుతో మంచం ఎక్కిన మనిషికి వైద్యులు ఇవ్వగలిగినది మంచి గాలి, బలమైన తిండి, కదలకుండా విశ్రాంతి, అంతే. అక్కడికి వెళ్ళినవారు అందరూ తిరిగి వచ్చేవారు కారు. ఇరవైనాలుగేళ్ళ వయస్సులో, బ్రతుకు మీద ఆశ సగం చాలించుకోవలసిన చోట, చక్రపాణి గారు మరొక భాష నేర్చుకున్నారు. వైద్యం కోసమే అక్కడికి వచ్చిన ఒక పండితుని దగ్గర బెంగాలీ పాఠాలు మొదలుపెట్టారు. ఏ ఉద్యోగం కోసమూ కాదు, ఏ పరీక్ష కోసమూ కాదు. ప్రక్కన ఆ భాష తెలిసినవారు ఉన్నారు, చేతిలో కాలం ఉన్నది.

తెనాలికి తిరిగి వచ్చిన తరువాత శరత్‌చంద్ర ఛటర్జీ నవలలను బెంగాలీ నుండి తెలుగు చేయడం ఆరంభించారు. ఆ అనువాదాలు తెలుగు ఇళ్ళలో ఎంతగా ఇమిడిపోయినవంటే, శరత్‌బాబు తెలుగువాడేనని నమ్మిన పాఠకులు కద్దు. మన అమ్మమ్మల పెట్టెలలో అట్టలు ఊడిపోయి దొరికే ఆ నవలలు చదివినవారికి ఇది అతిశయోక్తి అనిపించదు. ఆయన వాక్యంలో పరభాష వాసన ఉండదు. వంటింట్లో మాట్లాడుకునే తెలుగు, వీధి అరుగు మీద మాట్లాడుకునే తెలుగు అది. కష్టమైన సమాసాలు లేవు. బెంగాలు పల్లెలోని వితంతువు, జమీందారు, తల్లిలేని పిల్ల, అందరూ గుంటూరు జిల్లా మనుష్యులలాగే మాట్లాడతారు. 1930ల నడిమి కాలంలో ఆయన కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి తెనాలిలో ‘యువ’ మాసపత్రికను కూడా నడిపారు.

సినిమా వైపు ఆయనను తీసుకువెళ్ళినది ఈ మాటల నేర్పే. 1941లో వచ్చిన ‘ధర్మపత్ని’కి సంభాషణలు వ్రాశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు బాలుడుగా మొదటిసారి తెరమీద కనిపించిన చిత్రం అది. తరువాత బి. ఎన్. రెడ్డి గారి ‘స్వర్గసీమ’కు మాటలు వ్రాయడానికి మదరాసు వచ్చారు. ఆ చిత్రం 1945లో విడుదలైంది. వ్రాతపని మీద పట్నం వచ్చిన తెనాలి మనిషి ఇక ఇక్కడివారే అయిపోయారు. మన పెద్దలు మిల్లు పని కోసమో, రేవు పని కోసమో, రైల్వే వర్క్‌షాపు కోసమో వచ్చి వ్యాసర్పాడిలో, పెరంబూరులో నిలిచిపోయినట్లే, ఆయనా వచ్చిన పని మీద నిలిచిపోయినారు.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. నాగిరెడ్డి గారు వేరే మనిషి. బొమ్మిరెడ్డి నాగిరెడ్డి గారు కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించారు. ‘స్వర్గసీమ’ తీసిన బి. ఎన్. రెడ్డి గారికి తమ్ముడు. మదరాసులో బి. ఎన్. కె. ప్రెస్సు ఆయనది. చక్రపాణి గారు తమ అనువాదాల అచ్చుపని మీద అక్కడికి వెళ్ళడంతో స్నేహం కుదిరింది. ఒకరిది కృష్ణాతీరం, మరొకరిది రాయలసీమ. ఒకరు కలం పట్టినవారు, మరొకరు యంత్రాలు, వ్యాపారం తెలిసినవారు. పంపకాల దగ్గర అన్నదమ్ములే విడిపోయే లోకంలో ఈ ఇద్దరి పేర్లు ఒక ముద్రగా కలిసిపోయినవి. పిల్లవాడు వాటిని ఒక్కరి పేరనుకోవడమే ఆ స్నేహానికి దక్కిన మంచి కితాబు అనుకున్నాము.

ఆ స్నేహపు మొదటి పెద్ద ఫలం సినిమా కాదు, పిల్లల పుస్తకం. 1947 జూలైలో, స్వాతంత్ర్యానికి నెల ముందు, ‘చందమామ’ వెలువడింది. అదే నెలలో తమిళంలో ‘అంబులిమామా’ పేరుతో కూడా వచ్చింది. ఈ సంగతి మన వంటి కుటుంబాలకు ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో అమ్మమ్మ తెలుగులో చదివి వినిపించిన కథనే, బడిలో తమిళం నేర్చిన మనుమడు తమిళంలో చదువుకోగలిగాడు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లవాడికి రెండు చేతులలో ఒకే కథ పెట్టిన పత్రిక అది. తరువాత అది దేశంలోని మరెన్నో భాషలకు ప్రాకింది. 1952 నుండి కుటుంబరావు గారు దానిని తీర్చిదిద్దారు. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. పాత సంచికలను భద్రపరచుకున్న ఇళ్ళు మాత్రం మా పేటలో ఇంకా ఉన్నవి.

1949-50 ప్రాంతాల ఇద్దరూ కలిసి విజయా ప్రొడక్షన్సు స్థాపించారు. వడపళనిలోని వాహినీ స్టూడియో వారి కార్యస్థానమైంది. మొదటి చిత్రం ‘షావుకారు’ 1950లో వచ్చింది. కథ చక్రపాణి గారిది, దర్శకత్వం ఎల్. వి. ప్రసాద్ గారిది. ప్రసాద్ గారు కూడా 1908లోనే, ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టినవారు. 1951లో కె. వి. రెడ్డి గారి ‘పాతాళభైరవి’ వచ్చి దేశమంతా మ్రోగింది. మాయలు, మంత్రాలు, యుద్ధాలు జనానికి నచ్చినవని తెలిసినప్పటికీ, చక్రపాణి గారి మనస్సు మాత్రం ఇంటి కథల వైపే ఉండేది. 1952లో ప్రసాద్ గారి దర్శకత్వాన ‘పెళ్ళిచేసి చూడు’ తీశారు. వరకట్నం వంటి ఏడిపించే విషయం మీద జనాన్ని నవ్వించిన చిత్రం అది. దాని పేరూ, 1959లో వచ్చిన ‘అప్పుచేసి పప్పుకూడు’ పేరూ గమనించండి. రెండూ మన ముత్తవ్వల నోటి సామెతలలోనివి. చిత్రం పేరు వినగానే, ఇది మన ఇంటి సంగతి అని శ్రోతకు తోచాలని ఆయన కోరిక. సినిమా ప్రధానంగా వినోదం కోసమేనని నమ్మినవారు గనుక, ఉపన్యాసాలకు తెరమీద చోటు ఇవ్వలేదు.

‘మిస్సమ్మ’ 1955 జనవరి 12న విడుదలైంది. తమిళ ‘మిస్సియమ్మ’ రెండు రోజుల తేడాతో, పొంగలుకు వచ్చింది. మూలం రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ హాస్య రచన. మూలకర్త పేరులో రవీంద్రనాథ్ ఉండడం చూసి టాగూరు కథ అని చెప్పేవారు కూడా మాకు ఎదురైనారు. అది పొరపాటు, ఈయన వేరు. బెంగాలీలో అది 1935లోనే చిత్రంగా కూడా వచ్చింది. మదనపల్లెలో మంచం మీద నేర్చుకున్న భాష ఇరవై ఏళ్ళ తరువాత ఇలా పనికివచ్చిందన్నమాట.

కథ అందరూ ఎరిగినదే. భార్యాభర్తలైన పట్టభద్రులకే ఉద్యోగం ఇస్తామని ఒక జమీందారు ప్రకటన వేయిస్తాడు. ఉద్యోగం లేని ఎం. టి. రావు, అప్పులవాడి పోరు పడలేని క్రైస్తవ యువతి మేరీ, దంపతులమని చెప్పి ఆ ఊరు చేరతారు. నవ్వంతా అక్కడినుండి పుడుతుంది. ఆ నవ్వు క్రింద ఉన్నది చదువుకున్నవారి నిరుద్యోగం. ఉద్యోగం కోసం పరాయి ఊరు చేరి, అక్కడివారికి తగినట్లు పేరూ నడతా సర్దుకోవడం, లోపల మన నమ్మకం మనం నిలుపుకోవడం, ఈ అవస్థ వలస వచ్చిన కుటుంబాలకు కొత్తది కాదు. మా పేటలో ఈ చిత్రం అంత చనువుగా నడవడానికి ఇదొక కారణమని మా ఊహ. చూడబోతే ఇందులో నిజమైన దుర్మార్గుడు లేడు. అప్పు ఇచ్చి మేరీని వేధించే డేవిడ్ కూడా రమణారెడ్డి గారి చేతిలో నవ్వులపాలయ్యేవాడే. మేరీ చర్చికి పోయే పిల్ల, జమీందారు ఇల్లు పూజలు పునస్కారాల ఇల్లు. ఆ తేడా మీద తగాదాలు వచ్చినా ఎవరి దేవుణ్ణీ ఎగతాళి చేయరు. బెంగాలు నుండి వచ్చిన కథకు చక్రపాణి గారి మాటలు ఈ తెలుగు మర్యాదను సమకూర్చినవి.

చిత్ర నిర్మాణంలో ఒక ముఖ్యమైన సంగతి. మేరీ పాత్రకు మొదట ఎంచుకున్నది భానుమతి గారిని. కొంత భాగం తీసిన తరువాత నిర్మాతలకూ ఆమెకూ పొసగక, ఆమె తప్పుకున్నారు. రెండవ నాయికగా ఉండవలసిన సావిత్రి గారికి మేరీ పాత్ర వచ్చింది. సావిత్రి గారు విడిచిన సీత పాత్ర జమున గారికి దక్కింది. అంతకు ముందు సావిత్రి గారు ‘పాతాళభైరవి’లో ఒక నాట్యంలో కనిపించి, ‘పెళ్ళిచేసి చూడు’లో రెండవ నాయికగా వేసినవారు. పేరు పడిన తార వెళ్ళిపోయినప్పుడు, అంతకన్న పెద్ద పేరు కోసం వెదకకుండా, ఎదురుగా ఉన్న చిన్నపిల్ల మీద చిత్రం మొత్తం పెట్టడానికి ధైర్యం కావాలి. తీసిన భాగం వృథా అయిన నష్టం నిర్మాతలదే. ఆ నిర్ణయం తెలుగు, తమిళ దేశాలు రెండింటికీ ఒక మహానటిని ఇచ్చింది. అన్నట్టు, 1954లో ‘చక్రపాణి’ అనే హాస్య చిత్రం కూడా వచ్చింది. అది ఈయన తీసినది కాదు. భానుమతి గారి సొంత సంస్థ భరణీ వారిది. పోటీలో ఎవరినైనా తికమకపెట్టాలంటే ఇంతకన్న మంచి ప్రశ్న లేదు.

తక్కిన తారాగణం మాట. జమీందారు ఎస్. వి. రంగారావు గారు, ఆయన భార్య ఋష్యేంద్రమణి గారు. 1953లో ‘దేవదాసు’గా జనాన్ని ఏడిపించిన నాగేశ్వరరావు గారు ఇందులో డిటెక్టివ్ రాజుగా నవ్వించారు. తమిళంలో రామారావు గారి పాత్ర జెమినీ గణేశన్ గారికి, నాగేశ్వరరావు గారి పాత్ర తంగవేలు గారికి వెళ్ళింది. 1957లో ఏ. వి. ఎం. వారు ప్రసాద్ గారి దర్శకత్వాననే దీనిని హిందీలో ‘మిస్ మేరీ’గా తీసినప్పుడు నాయిక మీనాకుమారి, డిటెక్టివ్ కిశోర్‌కుమార్. మూడు భాషలలోనూ అదే చెల్లెలి పాత్ర వేసినది జమున గారు ఒక్కరే. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ గారిది. ఆయన ఆంగ్లో ఇండియను. బెంగాలీ కథ, తెనాలి మాటలు, ఏలూరు వైపు దర్శకుడు, ఆంగ్లో ఇండియను కెమేరా, మదరాసు స్టూడియో, వీటన్నిటి ఫలితమే మనం మనది అని గుండెకు హత్తుకున్న ‘మిస్సమ్మ’.

ఈ చిత్రం తయారైన కాలాన్ని కూడా తలుచుకోవాలి. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు ఈ మదరాసులోనే ఆత్మార్పణం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదరాసు తమిళుల పక్షానే ఉండిపోయింది. పట్నం ఎవరిది అన్న వాదం వీధులలో వేడిగా నడిచి చల్లారిన ఆ రోజులలోనే, ఊరికి ఆ చివరన వడపళనిలో ఒకే కథను తెలుగువారి కోసం, తమిళుల కోసం తీస్తున్నారు. సావిత్రి గారు ఒకే మేరీని రెండు భాషలలో మాట్లాడించారు. ఊరికి ఈ చివరన, ‘మిస్సమ్మ’ విడుదలైన 1955లోనే అక్టోబరు 2న, పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారం ప్రారంభమైంది. అక్కడా తెలుగు చేతులూ తమిళ చేతులూ కలిసే పనిచేసినవి. రాష్ట్రాలు విడిపోయినా ఇళ్ళు విడిపోలేదనడానికి మా పేటే సాక్ష్యం.

1962 జూన్ 7న వచ్చిన ‘గుండమ్మ కథ’ చక్రపాణి గారి ఇంటి నవ్వుకు శిఖరం. దర్శకులు కమలాకర కామేశ్వరరావు గారు, మాటలు డి. వి. నరసరాజు గారివి. ఇదీ బయటినుండి వచ్చిన కథే. విఠలాచార్య గారు 1958లో కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి ఆధారం. గుండమ్మ అన్న పేరు కన్నడదేశపు పేరు. దానిని మార్చి తెలుగు పేరు పెట్టవచ్చు గదా అని తోచడం సహజం. వారు మార్చలేదు. సూర్యకాంతం గారు ఆ పేరు ధరించిన తరువాత అది తెలుగు పేరు కాదని ఎవరు నమ్ముతారు? ఇద్దరు అగ్ర కథానాయకులు, రామారావు గారూ నాగేశ్వరరావు గారూ, నటించిన చిత్రానికి ఒక గయ్యాళి ఇల్లాలి పేరు పెట్టడం మరొక విశేషం. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక అన్న చిక్కు రాకుండా, మొదట తారల పేర్లకు బదులు బొమ్మలు చూపారు. తెలుగు ప్రేక్షకుడికి ఆ ముఖాలకు పేర్లు చెప్పవలసిన అవసరం లేదు. ఇదే కథను తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’గా తీసినప్పుడు దర్శకత్వం చక్రపాణి గారే స్వయంగా వహించారు.

1975 సెప్టెంబరు 24న చక్రపాణి గారు దివంగతులైనారు. అరవైఏడు సంవత్సరాలు. ఇరవైనాలుగేళ్ళకే క్షయ పట్టుకున్న మనిషి మరి నలభైమూడేళ్ళు బ్రతికి, ఇన్ని ఇళ్ళను నవ్వించి వెళ్ళారు. నాగిరెడ్డి గారు 2004 వరకు జీవించారు. మిత్రుడు పోయిన తరువాత కూడా ‘చందమామ’ మీద సంస్థాపకులుగా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే నిలిచినవి. మిగిలినవారు కొట్టివేయలేదు.

ఇప్పుడు మా పెద్దాయన అభ్యంతరానికి మా జవాబు. చక్రపాణి గారు ఏది తెచ్చినా దొంగచాటుగా తేలేదు. శరత్‌బాబు పుస్తకం మీద శరత్‌బాబు పేరే ఉన్నది. కన్నడ గుండమ్మ కన్నడ పేరుతోనే మన వాకిట అడుగు పెట్టింది. ఎక్కడినుండి వచ్చినదో తెలిసినంత మాత్రాన మన ఇంట్లో దాని చోటు తగ్గలేదు. మన సంగతే చూచుకుందాము. తాతగారు గుంటూరు జిల్లా నుండి వచ్చారో, నెల్లూరు నుండి వచ్చారో, శ్రీకాకుళం నుండి వచ్చారో చెప్పుకుంటే మనం వ్యాసర్పాడివారం కాకుండా పోతామా? మన పిల్లలు తమిళం చక్కగా నేర్చినందువల్ల తెలుగువారు కాకుండా పోతారా? శానిటోరియం మంచం మీద పరభాష నేర్చిన మనిషి చేతనే తెలుగుకు ఇంత మేలు జరిగినప్పుడు, రెండు భాషలు వచ్చిన మన పిల్లలను చూచి మనం దిగులుపడవలసిన పని లేదు. తెలుగు కూడా వారి చేత చదివిస్తే చాలును.

ఇది చదివి వినిపించగా పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, తమ ఇంట పాత పుస్తకాలలో శరత్‌బాబు నవల ఒకటి ఉన్నదనీ, పోటీలో గెలిచినవారికి దానిని బహుమతిగా ఇస్తామనీ చెప్పారు. బెంగాలీ ప్రశ్న పోటీలో ఉంటుంది. దానిని సభలో అడిగేది వారే. నాగిరెడ్డి గారూ చక్రపాణి గారూ ఒక్కరా ఇద్దరా అన్న ప్రశ్న మాత్రం ఆ ఆరవ తరగతి పిల్లవాడి చేత అడిగించబోతున్నాము. పాఠకులు సకుటుంబంగా విచ్చేసి పోటీలో పాల్గొనవలసిందిగా ప్రార్థన. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.